పిల్లలకు టీకా, పెద్దలకు కషాయం: చెన్నై తెలుగు ఇళ్లలో ఫ్లూ లెక్కలు

షావుకారుపేటలో మూడు తరాలుగా వ్యాపారం చేస్తున్న కుటుంబమైనా, ఓల్డ్ మహాబలిపురం రోడ్డు వెంబడి అపార్టుమెంటులో అద్దెకుంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కుటుంబమైనా, చెన్నైలోని తెలుగు ఇళ్లలో పసిపిల్లల టీకాల కార్డును పోగొట్టుకునేవారు అరుదు. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం అంటూ ఏ సూది ఎప్పుడో తల్లికి కంఠతా ఉంటుంది. కాస్త ఆలస్యమైతే అమ్మమ్మే గుర్తు చేస్తుంది. అరవై అయిదేళ్లు దాటి, షుగరుకూ బీపీకీ రోజూ మాత్రలు వేసుకునే ఆ అమ్మమ్మకు ఏటా వేయించవలసిన టీకా ఒకటి ఉందన్న సంగతి మాత్రం ఆ ఇంట్లో చాలాసార్లు ఎవరికీ తట్టదు. తట్టినా ‘జలుబుకు కూడా సూదా’ అన్న మాటతో అక్కడితో ఆగిపోతుంది. వీరు టీకాలను వ్యతిరేకించేవారు కారు. పిల్లలను పోలియో చుక్కలకు ఎత్తుకెళ్లినవారు, కోవిడ్ టీకా కోసం వరుసలో నిలబడ్డవారు. అందుచేత ఫ్లూ టీకా విషయంలో కనిపించే వెనుకంజను ‘టీకా భయం’ అనే ఖాతాలో వేసేయడం తేలికే గానీ, సరి కాదు. భయం లేకపోలేదు. కానీ దానికి ముందే, దానికన్నా బలంగా, ఫ్లూ అనేది పట్టించుకోవలసినంత జబ్బు కాదన్న నమ్మకం పాతుకుపోయి ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 100 కోట్ల మందికి ఫ్లూ సోకుతుంది. వారిలో 30 లక్షల నుంచి 50 లక్షల మందికి అది తీవ్రమవుతుంది. శ్వాసకోశ సమస్యలతో 2,90,000 నుంచి 6,50,000 మంది వరకు మరణిస్తారు. వైరస్ ఏటేటా కొద్దికొద్దిగా రూపు మార్చుకుంటుంది కనుక టీకాను కూడా మార్చవలసి వస్తుంది. ఏయే రకాలతో తయారు చేయాలో ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో ఆ సంస్థే సూచిస్తుంది. మన దేశంలో ఈ టీకా సార్వత్రిక టీకాల కార్యక్రమంలో లేదు. వైద్య సిబ్బందికి, గర్భిణులకు, వృద్ధులకు, దీర్ఘకాలిక జబ్బులున్నవారికి వేయించడం మంచిదని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ సూచనలు చెబుతాయి. ఆరు నెలలు నిండినప్పటి నుంచి అయిదేళ్ల వరకు పిల్లలకు ఏటా వేయించాలని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సిఫారసు చేస్తుంది. సూచన ఉంది, ఉచితంగా అందించే ఏర్పాటు లేదు. ఈ ఖాళీలోనే నమ్మకాలు నిర్ణేతలవుతాయి. ప్రభుత్వం ఇంటికి వచ్చి వేసే టీకాకు ఎవరూ పెద్దగా ఆలోచించనక్కరలేదు. సొంత డబ్బు పెట్టి, సొంతంగా అడిగి వేయించుకోవలసిన టీకాకు మాత్రం ప్రతి మనిషీ తనలో తాను ఒక లెక్క కట్టుకోవాలి.

ఆ లెక్క ఎలా సాగుతుందో వివరించడానికి ఎక్కువగా వాడే చట్రాన్ని ‘ఆరోగ్య విశ్వాస నమూనా’ అంటారు. 1950ల్లో అమెరికా ప్రజారోగ్య శాఖలో పనిచేసిన గాడ్‌ఫ్రీ హాక్‌బామ్, ఇర్విన్ రోజెన్‌స్టాక్, హోవార్డ్ లెవెంథాల్ మొదలైన సామాజిక మనస్తత్వవేత్తలు దీనిని రూపొందించారు. క్షయ వ్యాధిని ముందే పట్టుకోవడానికి ఎక్స్‌రే బండ్లను ఉచితంగా జనం ఉండే చోటికే పంపినా చాలామంది రాకపోవడం వారికి అంతుబట్టలేదు. ఆ చిక్కుప్రశ్నే నమూనాకు మూలం. మనిషి ముందుగా తనకు ఆ జబ్బు వచ్చే అవకాశం ఎంతో, వస్తే ఎంత కీడు చేస్తుందో అంచనా వేసుకుంటాడు. ఆ తరువాత చేయబోయే పని వల్ల కలిగే మేలును, దానికి అడ్డుపడే ఖర్చు, శ్రమ, భయం వంటి వాటితో తూచి చూస్తాడు. లెక్క అనుకూలంగా తేలినా కదలడానికి బయటి నుంచి ఏదో ఒక ప్రేరణ కావాలి. ఆ పని తాను చేయగలనన్న ధీమా కూడా అవసరమేనని 1988లో ఆరో అంశాన్ని చేర్చారు. ఈ బృందం తొలిరోజుల్లోనే పరిశీలించిన జబ్బులలో 1957 నాటి ఏషియన్ ఫ్లూ ఒకటి. ఆ ఫ్లూ మన దేశంలోకి అడుగుపెట్టింది ఆ ఏడాది మే నెలలో సింగపూర్ నుంచి మద్రాసు రేవుకు చేరిన ఓడ ద్వారానే.

నమూనాలోని మొదటి అంశం, అంటే ‘నాకు వస్తుందా’ అన్న ప్రశ్న, చెన్నైలో ఒక విచిత్రమైన కారణంతో తప్పుదారి పడుతుంది. ఇక్కడ ఫ్లూ కంటికి కనబడదు. 2009 నుంచి 2013 వరకు దేశంలోని పలు నగరాల నిఘా సమాచారాన్ని పరిశీలించినప్పుడు ఢిల్లీ, పుణె, కోల్‌కతా వంటి చోట్ల ఫ్లూ జులై, సెప్టెంబరు నెలల మధ్య పెచ్చరిల్లుతుండగా, చెన్నైలోనూ వేలూరులోనూ అది ఈశాన్య రుతుపవనాలతో పాటు అక్టోబరు, నవంబరు నెలల్లో పెరుగుతున్నట్టు తేలింది. సరిగ్గా అవే నెలల్లో నగరంలో నీళ్లు నిలిచి దోమలు పెరుగుతాయి, డెంగ్యూ కేసులు పెరుగుతాయి, అందరి దృష్టీ దాని మీదే ఉంటుంది. జ్వరంతో క్లినిక్‌కు వెళ్లినవారికి రక్తపరీక్ష రాస్తారు. ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయన్నది బంధువులందరూ ఫోనులో అడిగే మొదటి ప్రశ్న అవుతుంది. డెంగ్యూ కాదని తేలగానే అందరూ ఊపిరి పీల్చుకుని ‘వైరల్ ఫీవరేనట’ అని సరిపెట్టుకుంటారు. అది ఏ వైరసో తేల్చాలంటే గొంతు, ముక్కు నుంచి నమూనా తీసి పీసీఆర్ పరీక్ష చేయించాలి; బయటి ల్యాబుల్లో దానికి వేలల్లో ఖర్చవుతుంది; ఫలితం వచ్చేసరికి చాలామందికి జ్వరం తగ్గిపోతుంది కూడా. కనుక ఆసుపత్రిలో చేర్చవలసినంత తీవ్రమైతే తప్ప డాక్టర్లు ఆ పరీక్ష రాయరు, రాయకపోవడంలో తప్పూ లేదు.

దాని పర్యవసానం మాత్రం చిన్నది కాదు. పదేళ్లలో రెండు మూడు సార్లు ఫ్లూ వచ్చి పోయిన మనిషి కూడా తనకు జీవితంలో ఎప్పుడూ ఫ్లూ రాలేదని నిజాయితీగానే నమ్ముతాడు. డెంగ్యూకు రిపోర్టు ఉంటుంది, కోవిడ్‌కు పాజిటివ్ అన్న కాగితం ఉంటుంది, ఫ్లూకు ఏ ఆధారమూ మిగలదు. తమ ఇంట్లో, తమ వీధిలో ఎవరికీ రాని జబ్బుకు ముందు జాగ్రత్త ఎందుకన్న వాదన ఆ మనిషి దృష్టిలో పూర్తిగా తర్కబద్ధమైనది. అవగాహన లేదని నిందించడానికి ముందు, ఆ అవగాహన కలగడానికి అవసరమైన సమాచారం ఆ మనిషికి ఎన్నడైనా అందిందా అని అడగవలసి ఉంటుంది. దీనికి తోడు నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల నుంచి పిల్లల దగ్గరకు వచ్చి చెన్నైలో ఉంటున్న పెద్దలలో ‘మాది కష్టం చేసిన ఒళ్లు, ఇలాంటివి మాకు రావు’ అన్న ధీమా ఒకటి వినిపిస్తుంది. పొలంలో గడిపిన నలభై ఏళ్లు ఒంటిని గట్టిపరచి ఉండవచ్చు. కానీ అరవై అయిదు దాటాక రోగనిరోధక వ్యవస్థ వయసుతో పాటు బలహీనపడుతుంది, కొత్త రూపం తొడుక్కున్న వైరస్‌కు పాత కష్టార్జితం అడ్డు రాదు.

జబ్బు తీవ్రత విషయానికి వస్తే, పడిశం పది రోగాల పెట్టు అన్న సామెత మనకు ఉండనే ఉంది. పూర్వులు ఏ జబ్బును దృష్టిలో పెట్టుకుని అన్నా, ఆధునిక వైద్యం ఫ్లూ గురించి చెబుతున్నది దాదాపు అదే. ఫ్లూ ప్రమాదం జ్వరంలో కన్నా అది తట్టిలేపే ఇతర సమస్యలలో ఎక్కువగా ఉంటుంది. కెనడాలోని ఒంటారియోలో జరిగిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. పరీక్షలో ఫ్లూ నిర్ధారణ అయిన తరువాతి ఏడు రోజులలో గుండెపోటు ముప్పు మామూలు సమయం కన్నా సుమారు ఆరు రెట్లు ఉంటుందని అందులో తేలింది. గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో చేరినవారికి ఫ్లూ టీకా ఇచ్చి చూసిన మరొక అంతర్జాతీయ ప్రయోగ ఫలితాలు 2021లో వచ్చాయి. ఏడాది తిరిగేసరికి టీకా పొందినవారిలో 2.9 శాతం, ఉత్తుత్తి సూది పొందినవారిలో 4.9 శాతం మరణించారు. మధుమేహం ఉన్నవారికి ఫ్లూ వస్తే షుగర్ అదుపు తప్పుతుంది, న్యుమోనియాకు దారితీసే అవకాశం పెరుగుతుంది. మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ పరిశోధకులు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో కలిసి 2023లో ప్రకటించిన సర్వే మన దేశంలో మధుమేహుల సంఖ్యను 10.1 కోట్లుగా అంచనా వేసింది. ఆ సర్వేకు నాయకత్వం వహించిన నగరంలోనే షుగర్ రోగికీ ఫ్లూ టీకాకూ మధ్య ఉన్న సంబంధం సామాన్యుల మాటల్లోకి ఇంకా రాలేదు. ఇంట్లో పెద్దాయన వారం జ్వరపడి లేచాక గుండెపోటుతో పోతే, అందరూ గుండెజబ్బు అనే చెప్పుకుంటారు. ముందు వచ్చిన జ్వరం లెక్కలోకి రాదు.

పేరు మారితే భయం మారడం ఈ విషయంలో మరో వింత. 2009 మే నెలలో దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాదులో బయటపడినప్పుడు, ఆ తరువాత ఆగస్టులో పుణెలో తొలి మరణం నమోదైనప్పుడు దేశమంతటా మాస్కులకు కరవొచ్చింది. ఆ హెచ్1ఎన్1 వైరస్ ఎక్కడికీ పోలేదు. మహమ్మారి ముగిసిందని 2010 ఆగస్టులో ప్రకటించాక అది ఏటా వచ్చే మామూలు ఫ్లూలలో ఒకటిగా కలిసిపోయింది, ఏటా టీకాలో ఒక భాగంగా ఉంటూ వస్తోంది. అయినా స్వైన్ ఫ్లూ అంటే ఉలిక్కిపడే మనిషి ఫ్లూ అంటే పెదవి విరుస్తాడు. 2023 మార్చిలో హెచ్3ఎన్2 అనే మరో ఫ్లూ రకం గురించి వార్తలు గుప్పుమన్నప్పుడు, కర్ణాటకలోని హాసన్‌లో ఒక మరణం నమోదైందని తెలిసినప్పుడు, తమిళనాడు ప్రభుత్వం ఒకే రోజు వెయ్యి జ్వర శిబిరాలు పెట్టింది. ఆ కొన్ని వారాలు టీకా గురించి అడిగేవారూ పెరిగారు. హెచ్3ఎన్2 అప్పుడు పుట్టినదేమీ కాదు, 1968 నుంచి మనుషుల మధ్య తిరుగుతున్నదే. వార్త వచ్చినప్పుడు ఎగసి, వార్త తగ్గగానే చల్లారే ఈ భయం టీకాకు పెద్దగా పనికిరాదు, ఎందుకంటే సూది వేయించుకున్నాక శరీరంలో రక్షణ ఏర్పడడానికి రెండు వారాలు పడుతుంది; నగరమంతా దగ్గుతున్నప్పుడు పరుగెత్తడం ఆలస్యమే.

టీకా వల్ల మేలు ఎంత అన్న ప్రశ్న దగ్గర టీకాను సమర్థించేవారు కూడా కొంత నిజాయితీ చూపవలసి ఉంటుంది. తిరుగుతున్న వైరస్‌కూ టీకాలోని రకాలకూ బాగా పొంతన కుదిరిన ఏడాదిలో కూడా డాక్టరు దగ్గరకు వెళ్లవలసినంత ఫ్లూ వచ్చే ముప్పును అది 40 నుంచి 60 శాతం వరకు తగ్గిస్తుంది. పొంతన కుదరని ఏడాదిలో ఇంకా తక్కువ. తట్టు టీకా, పోలియో టీకా ఇచ్చే రక్షణకు అలవాటుపడ్డ మనసుకు ఈ అంకె చప్పగా తోస్తుంది. తీవ్రమైన జబ్బునూ ఆసుపత్రి పాలవడాన్నీ తగ్గించడమే ఈ టీకా అసలు ప్రయోజనమని ముందుగా చెప్పకుండా ‘ఇది వేయించుకుంటే ఇక జ్వరం రాదు’ అన్న ధోరణిలో వేసినప్పుడు, ఆరు నెలల తరువాత వచ్చిన మొదటి జలుబే టీకా పనిచేయదనడానికి సాక్ష్యమైపోతుంది. ఆ జలుబుకు కారణం రైనో వైరసో, ఆర్‌ఎస్‌వీనో, మరొకటో కావచ్చు. పరీక్ష లేదు కనుక తేలదు. ఒకే అజ్ఞాతం రెండు వైపులా పనిచేస్తోందన్నమాట: టీకా వేయించుకోనివాడికి వచ్చిన ఫ్లూను అది దాచిపెడుతుంది, వేయించుకున్నవాడికి వచ్చిన జలుబును ఫ్లూగా చూపిస్తుంది.

చెన్నైలో దీనికి కాలం కూడా తోడవుతుంది. దక్షిణార్ధగోళం సూత్రంతో చేసిన టీకా మన మార్కెట్లోకి సాధారణంగా ఏప్రిల్ ప్రాంతంలో, ఉత్తరార్ధగోళం సూత్రంతో చేసినది ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో వస్తాయి. దేశంలో ఎక్కువ నగరాలకు నైరుతి వానలకు ముందు వేయించుకోవడం సబబు. అక్టోబరు, నవంబరులలో ఫ్లూ ముదిరే చెన్నైకి ఏప్రిల్ సూది కాస్త తొందరే అవుతుంది, ఎందుకంటే టీకా ఇచ్చిన రక్షణ నెలలు గడిచేకొద్దీ తరుగుతుంది. బడులు తెరవకముందే పని ముగించాలని మే నెలలో వేయించుకున్న కుటుంబానికి దీపావళి నాటికి జ్వరం వస్తే వారి నమ్మకం సడలడం సహజం. టీకా వ్యర్థమనీ, ఆ నెలలో వేయించుకోకూడదనీ దీని అర్థం కాదు; ఈ నగరానికి సెప్టెంబరు మరింత అనువైన నెల అన్న మాట చెప్పేవారు తక్కువ.

మేలు గురించిన లెక్కలో కషాయం వాటా పెద్దది. తెలుగు ఇళ్లలో మిరియాలు, శొంఠి, తులసి, పసుపు పాలు ఉండనే ఉన్నాయి. చెన్నైకి వచ్చాక వాటికి తమిళుల సంప్రదాయ వైద్యమైన సిద్ధ వైద్యం తోడైంది. డెంగ్యూ ప్రబలిన సంవత్సరాలలో నేలవేము కషాయాన్నీ, 2020లో కబసుర కుడినీరు అనే సిద్ధ కషాయాన్నీ ప్రభుత్వమే వీధుల్లో పంచింది. సర్కారు చేతి మీదుగా అందిన కషాయానికి వచ్చే గౌరవం వేరు. రోజూ ఉదయం కషాయం తాగే ఇంట్లో ‘మేము ఇప్పటికే చేయవలసింది చేస్తున్నాం’ అన్న తృప్తి ఏర్పడుతుంది, ఆ తృప్తి టీకా అవసరాన్ని కనబడకుండా చేస్తుంది. ఇక్కడ డాక్టర్లు చేసే పొరపాటు ఒకటుంది: కషాయాన్ని ఎగతాళి చేయడం. మిరియాల రసం గొంతుకు హాయినిస్తుంది, ఆవిరి ముక్కుదిబ్బడను సడలిస్తుంది. అవి జబ్బు వచ్చాక బాధను తగ్గించేవి, టీకా జబ్బు రాకముందు పనిచేసేది. రెండూ పోటీపడే వస్తువులు కానప్పుడు ఒకదానిని వదులుకుంటేనే రెండోది అన్నట్టు మాట్లాడితే, వృద్ధులు వదులుకునేది కషాయాన్ని కాదు.

ఇక అడ్డంకులు. ప్రైవేటు ఆసుపత్రులలో ఒక మోతాదుకు సుమారు పదిహేను వందల నుంచి రెండు వేల రూపాయల పైచిలుకు అవుతుంది. నలుగురున్న ఇంటికి అది ఒక నెల కిరాణా ఖర్చుతో సమానం, పైగా ఏటా పెట్టవలసిన ఖర్చు. ఆసుపత్రిలో చేరితే తప్ప వర్తించని ఆరోగ్య బీమాలు దీనిని భరించవు. ‘నా ఒక్కదాని కోసం అంత డబ్బెందుకు, ఆ డబ్బుతో పిల్లవాడికి ఏదైనా కొనండి’ అనే నానమ్మ మాటను టీకా వ్యతిరేకతగా నమోదు చేసే సర్వే ఏదైనా ఉంటే అది మన ఇళ్లను ఎరగని సర్వే. ఇంతకన్నా తక్కువగా చర్చకు వచ్చే అడ్డంకి గుడ్డు. ఫ్లూ టీకాలలో ఎక్కువ భాగం పిండం ఉన్న కోడిగుడ్లలో పెంచిన వైరస్‌తో తయారవుతాయి. నిష్ఠగా శాకాహారం పాటించే ఇళ్లలో ఈ సంగతి తెలిసినప్పుడు సంకోచం కలుగుతుంది, ఆ సంకోచాన్ని డాక్టరు ముందు బయటపెట్టడానికి మొహమాటం అడ్డొస్తుంది. మందుగా తీసుకునేదానికి ఆహార నియమం వర్తించదని సర్దుకునేవారు ఉన్నారు, సర్దుకోలేనివారూ ఉన్నారు.

దుష్ఫలితాల భయానికి ఈ నగరంలో ఇటీవలి జ్ఞాపకం ఒకటి ఉంది. హాస్యనటుడు వివేక్ 2021 ఏప్రిల్ 15న చెన్నైలోని ప్రభుత్వ ఆసుపత్రిలో కోవిడ్ టీకా వేయించుకున్నారు, మరునాడు గుండెపోటుతో కుప్పకూలారు, 17న కన్నుమూశారు. ఆ మరణానికీ టీకాకూ సంబంధం లేదని, అది యాదృచ్ఛికమని కేంద్ర నిపుణుల సంఘం తేల్చింది గానీ ఆ నివేదిక సంగతి బయటకు వచ్చింది అక్టోబరులో. జనం టీకాకు రమ్మని ప్రచారం చేయడానికే ఆయన ముందుకు వచ్చారన్నది ఈ ఉదంతంలోని విషాదం. అంతకు నాలుగేళ్ల ముందు, 2017 ఫిబ్రవరిలో, తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం తమిళనాడులో మొదలైనప్పుడు వాట్సాప్‌లో తిరిగిన వదంతుల వల్ల గడువును పొడిగించవలసి వచ్చింది. ఈ రెండింటిలో ఏదీ ఫ్లూ టీకాకు సంబంధించినది కాదు. అయినా మనుషుల మనసులో టీకాలకు వేరువేరు ఖాతాలు ఉండవు.

ఫ్లూ సూది గురించి ప్రత్యేకంగా వినిపించే ఆరోపణ, అది వేయించుకుంటే ఫ్లూ వస్తుందన్నది. సాధారణంగా వాడే టీకాలో ఉండేది చంపిన వైరస్ ముక్కలే, వాటికి జబ్బు కలిగించే శక్తి లేదు. టీకా ఇచ్చినవారినీ ఉప్పునీటి సూది ఇచ్చినవారినీ ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా పోల్చిన పరీక్షలలో, టీకా వర్గంలో చెయ్యి నొప్పి, ఎరుపు ఎక్కువగా కనిపించాయి. ఒళ్లు నొప్పులు, జ్వరం, దగ్గు రెండు వర్గాలలోనూ ఒకే తీరున ఉన్నాయి. అరుదైన నిజమైన ప్రమాదం లేదని కాదు. 1976లో అమెరికాలో హడావిడిగా ఇచ్చిన స్వైన్ ఫ్లూ టీకా తరువాత ప్రతి లక్ష మందిలో సుమారు ఒకరికి అదనంగా గిలియన్ బారే అనే నరాల జబ్బు వచ్చింది, కార్యక్రమాన్ని ఆపేశారు. ఇప్పటి టీకాలలో ఆ ముప్పు ఉన్నా పది లక్షల మోతాదులకు ఒకటి రెండు కేసులకు మించదని అంచనా. ఇన్ని చెప్పినా లెక్క ఒక వైపు మొగ్గడానికి మరో కారణం ఉంది. చేసిన పని వల్ల కలిగిన కీడు, చేయకపోవడం వల్ల కలిగిన కీడు కన్నా మనసుకు బరువుగా తోస్తుందని 1990లో రిటోవ్, బారన్ అనే పరిశోధకులు టీకాల ఉదాహరణతోనే చూపారు. తండ్రికి తానే తీసుకెళ్లి వేయించిన సూది తరువాత రెండు రోజులు జ్వరం వస్తే కొడుకుకు ఇంట్లో మాట పడుతుంది. వేయించనందువల్ల న్యుమోనియా వస్తే దానిని విధి అంటారు.

అపోహలను ఖండిస్తే సరిపోతుందా అన్న దానికి వచ్చిన సమాధానం అంత ఊరట కలిగించేది కాదు. అమెరికాలో నైహాన్, రైఫ్లర్ అనే పరిశోధకులు జరిపి 2015లో ప్రకటించిన ప్రయోగంలో, టీకా వల్ల ఫ్లూ రాదని వివరించినప్పుడు ఆ అపోహ తగ్గింది. కానీ దుష్ఫలితాల గురించి ముందే బాగా ఆందోళన ఉన్నవారిలో టీకా వేయించుకోవాలన్న ఉద్దేశం పెరగకపోగా తగ్గింది. ఒక అభ్యంతరం కూలినప్పుడు మనసు మరో అభ్యంతరాన్ని వెతుక్కుందన్నమాట. ఆరోగ్య విశ్వాస నమూనా మీద వచ్చిన అధ్యయనాలను 2010లో కలిపి చూసినప్పుడు, జబ్బు తీవ్రత గురించిన నమ్మకాల కన్నా మేలు, అడ్డంకుల గురించిన నమ్మకాలే ప్రవర్తనను బాగా సూచిస్తున్నట్టు తేలింది. ఫ్లూ ఎంత భయంకరమో చెప్పే పోస్టర్ల మీద పెట్టే ఖర్చును ఈ ఫలితం ముందు నిలబెట్టి చూడాలి. అమెరికాలోనే 2021లో వెలువడిన మరో పెద్ద ప్రయోగంలో, డాక్టరు అపాయింట్‌మెంటుకు ముందు ‘మీ కోసం ఫ్లూ టీకా సిద్ధంగా పెట్టి ఉంచాం’ అనే ధోరణిలో పంపిన సందేశాలు మిగతా వాటి కన్నా బాగా పనిచేశాయి. అందులో వాదన లేదు, హెచ్చరిక లేదు.

మన దగ్గర దీనికి సాక్ష్యం ప్రసూతి వార్డులలో ఉంది. కడుపుతో ఉన్న అమ్మాయికి అనవసరంగా ఇంజెక్షన్లు వద్దనే అత్తగారే ధనుర్వాతం సూదికి కోడలిని స్వయంగా తీసుకెళ్తుంది. ఆమె ధనుర్వాతం గురించి చదివి కాదు. ఆ సూది తన కాన్పు నాటి నుంచి మామూలైన పద్ధతి, నర్సు అడగకుండానే వేస్తుంది, కార్డులో దానికొక గడి ఉంది. ఫ్లూ టీకా గర్భిణికి ఇస్తే తల్లికే కాక, ఆరు నెలల లోపు టీకా వేయడానికి వీలులేని బిడ్డకు కూడా తల్లి యాంటీబాడీల ద్వారా రక్షణ అందుతుంది. అయినా దానికి ఆ గడి లేదు. పసిపిల్లలకు పిల్లల డాక్టరు ఉన్నాడు, గర్భిణికి ప్రసూతి వైద్యురాలు ఉంది. అరవై దాటిన మనిషికి టీకా గురించి అడగవలసిన వ్యక్తి ఎవరో మన వైద్య వ్యవస్థలో తేలలేదు. షుగర్ డాక్టరు షుగర్ చూస్తాడు, గుండె డాక్టరు ఈసీజీ చూస్తాడు. డాక్టరు నోటి నుంచి వచ్చిన ఒక్క సిఫారసు పెద్దల టీకా నిర్ణయాన్ని బలంగా ప్రభావితం చేస్తుందని దేశదేశాల అధ్యయనాలు పదేపదే చెప్పాయి.

చెన్నై తెలుగువారికి భాష మరో మడత వేస్తుంది. పెరంబూరులోనో కోడంబాక్కంలోనో పుట్టి పెరిగినవారికి తమిళం ఇంటిభాషతో సమానం. కొడుకు ఉద్యోగం వల్ల ఆరు పదుల వయసులో ఇక్కడికి చేరిన దంపతులకు మాత్రం తమిళం కొంత అర్థమైనా చదవడం రాదు. ఆసుపత్రి గోడ మీది తమిళ, ఇంగ్లీషు పోస్టర్లు వారికి బొమ్మలే. వారి ఆరోగ్య సమాచారం సొంతూరి వాట్సాప్ గ్రూపుల నుంచి, తెలుగు యూట్యూబ్ నుంచి వస్తుంది, అక్కడ చెన్నై వానాకాలం గురించి ఎవరూ మాట్లాడరు. డాక్టరుతో మాట్లాడేది కొడుకో కోడలో; పెద్దల సందేహాలు వారి నోటి గుండా వడపోసుకుని వెళ్తాయి. నగరంలోని కొన్ని పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులకు ఆఫీసులోనే ఫ్లూ టీకా శిబిరాలు పెడుతున్నాయి. ఆరోగ్యంగా ఉన్న ముప్పై ఏళ్ల ఉద్యోగి భోజన విరామంలో సూది వేయించుకుని వస్తాడు, ఇంట్లో ఉన్న మధుమేహి తండ్రికి ఆ శిబిరంలో చోటుండదు. నగర పారిశుద్ధ్య కార్మికులలో తరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. జనసమ్మర్దంలో, చెత్త మధ్య రోజంతా పనిచేసే వారి విషయంలో నమ్మకాల గురించి చర్చించడం కాస్త అన్యాయంగానే తోస్తుంది, ఎందుకంటే రెండు వేల రూపాయల సూదిని కాదనడానికైనా ముందు అది వారి ఎదుటకు రావాలి.

ఏ దేశపు అధ్యయనాన్ని తీసుకున్నా దాదాపు తప్పకుండా కనిపించే అంశం ఒకటుంది: ఈ ఏడాది ఫ్లూ టీకా ఎవరు వేయించుకుంటారో ముందే చెప్పడానికి, నిరుడు ఎవరు వేయించుకున్నారన్న సమాచారం బాగా పనికొస్తుంది. ఒకసారి వేయించుకుని, చెయ్యి ఒక రోజు నొప్పెట్టి తగ్గిపోయిందని స్వయంగా చూసినవారికి రెండో ఏడాది లెక్క చాలావరకు తేలికవుతుంది. నమ్మకం వల్ల పని జరుగుతుందని నమూనా చెబుతుంది. చేసిన పని నమ్మకాన్ని తయారుచేయడం కూడా అంతే నిజం, నమూనా ఆ వైపు అంతగా చూడదు. అలా చూస్తే చెన్నై తెలుగు ఇంటికి కీలకమైనది మొదటి ఏడాది. మూడు నెలలకొకసారి షుగర్ పరీక్షకు వెళ్లే పెద్దావిడ ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు లోగా వెళ్లిన రోజునే, గుడ్డు గురించి గానీ, పాత ఎలర్జీల గురించి గానీ ఉన్న సందేహాలు తెలుగులోనో, తడబడే తమిళంలోనో ఆమె నోటనే విని, ఆ గదిలోనే సూది వేయగలిగితే, ఈశాన్య వానలు మొదలయ్యేసరికి రక్షణ ఏర్పడడానికి పట్టే ఆ రెండు వారాల గడువు కూడా పూర్తవుతుంది.